చిల్లర బుద్ధుల నరకం

ప్రియమైన శేఖర్‌కు,

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. ఒకరిని మించిన దుర్మార్గులు ఒకరున్న ఆ బొమ్మల సీరియల్‌ను ఇంత ఇష్టంగా ఎలా చూస్తున్నావు, అందులో మెచ్చుకోదగిన మనిషి ఒక్కడైనా ఉన్నాడా అని అడిగావు. మనిషి ఒక్కడూ లేడు, అందరూ దయ్యాలే. ఫోన్‌లో చెప్పబోతే నవ్వేసి మాట మార్చావు కనుక, అడ్డు తగలడానికి వీలు లేకుండా ఈసారి ఉత్తరమే రాస్తున్నాను.

‘హెలువా బాస్’ అమెరికా సిరీస్. దాన్ని సృష్టించినది వివియన్ మెడ్రానో అనే యానిమేటర్. పెద్ద స్టూడియోల గడప తొక్కకుండా, స్పిండిల్‌హార్స్ అనే తన సొంత స్టూడియోలో తీసి, 2019 నవంబరులో పైలట్ అనే నమూనా ఎపిసోడ్‌నూ, 2020 అక్టోబరు 31న, అంటే హాలోవీన్ రోజున, మొదటి ఎపిసోడ్‌నూ యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టింది. రెండో సీజన్ 2024 డిసెంబరులో ముగిసింది. ఒక ఎపిసోడ్‌కూ మరో ఎపిసోడ్‌కూ మధ్య నెలల తరబడి ఎదురుచూసిన ప్రేక్షకుల ఓపికకు మొక్కాలి. నేను ఆలస్యంగా మొదలుపెట్టాను కనుక ఆ బాధ తప్పింది. ఇది పెద్దలకు మాత్రమే తగినదని ముందే చెబుతున్నాను. బూతులకు, రక్తానికి, శృంగారానికి కొదవ లేదు. పిల్లలు హాల్లో ఉండగా పెట్టి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

కథ ఇది. చచ్చి నరకానికి చేరిన పాపులకు భూమ్మీద ఇంకా బతికి ఉన్న శత్రువుల మీద పగ తీరదు కదా, ఆ పగను డబ్బు పుచ్చుకుని తీర్చిపెట్టే ఒక చిన్న కంపెనీ నరకంలో ఉంటుంది. దాని యజమాని బ్లిట్జ్ ‘ఇంప్’ అనే ఎర్రతోలు, చారల కొమ్ముల జాతివాడు. ఉద్యోగులు ముగ్గురే: తుపాకులు బాగా తెలిసినా మనసు ఊరికే పీకే మాక్సీ, అతని భార్య మిల్లీ, ఫోన్ ఎత్తడమే మహోపకారమన్నట్టు కూర్చునే లూనా. ఈ లూనా నరకపు కుక్కల జాతి పిల్ల. అనాథగా ఉన్న ఆమెను, పద్దెనిమిదేళ్లు నిండబోతుండగా, బ్లిట్జ్ దత్తత తీసుకున్నాడు. మొదటి ఎపిసోడ్‌లో వచ్చే కక్షిదారు ఒక బడిపంతులమ్మ. భర్త మరొకామెతో ఉండగా చూసి, ఇద్దరినీ కాల్చి, తానూ కాల్చుకుంది. తీరా చూస్తే ఆ రెండో ఆమె బతికి బయటపడి, ఊరందరి జాలినీ ప్రేమనూ మూటగట్టుకుంది. పంతులమ్మను నరకపు మంటలకంటే ఎక్కువగా కాల్చేది ఆ మంచిపేరే. సిరీస్ తన సంగతేమిటో ఇక్కడే చెప్పేస్తుంది. ఇందులో ఎవరూ లోకాన్ని జయించడానికి చంపరు. తమకు జరిగిన అవమానం ఇంకొకరికి గౌరవంగా మారిందని ఓర్వలేక చంపుతారు, చంపిస్తారు.

దయ్యాలు భూమ్మీదికి రావాలంటే ఒక మంత్రగ్రంథం కావాలి. అది బ్లిట్జ్‌ది కాదు, స్టోలాస్ అనే రాజవంశీకుడిది. ఈ స్టోలాస్‌ను మెడ్రానో గాలిలోంచి పుట్టించలేదు. పదిహేడో శతాబ్దపు యూరపు మంత్రగ్రంథాల్లో పేర్కొన్న 72 మంది దయ్యాలలో అతడు 36వ వాడు. ఖగోళాన్ని, మూలికల గుణాలను, రత్నాలను బోధించే రాజకుమారుడని అందులో ఉంది. 1863లో ఫ్రాన్సులో అచ్చయిన ఒక దయ్యాల నిఘంటువులో అతన్ని పొడవాటి కాళ్లు, తలమీద కిరీటం ఉన్న గుడ్లగూబగా చిత్రించారు. సిరీస్‌లో కూడా అతడు నాలుగు కళ్లున్న గుడ్లగూబే. నక్షత్రాలన్నా మొక్కలన్నా ప్రాణం. పాత పుస్తకంలోని ఆ రెండు ముక్కల నుంచి, రాజభవనంలో ఒంటరిగా పెరిగి, పెద్దలు కుదిర్చిన పెళ్లిలో మగ్గిపోయి, తన కన్నా తక్కువ జాతివాడి మీద మనసు పడ్డ ఒక తండ్రిని తయారు చేయడం నాకు చాలా నచ్చింది. నెలకొకసారి పౌర్ణమి రాత్రి తన దగ్గరకు వస్తే గ్రంథం వాడుకోనిస్తానని స్టోలాస్ బేరం పెడతాడు. అది ప్రేమ అని అతని భ్రమ. అద్దె కడుతున్నానని బ్లిట్జ్ లెక్క. రెండు సీజన్ల కథంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది.

గ్రంథం అనగానే నీకు ‘యమలీల’ గుర్తుకొచ్చి ఉంటుంది, నాకూ వచ్చింది. భవిష్యవాణి జారి భూమ్మీద పడితే యముడూ చిత్రగుప్తుడూ వెతుక్కుంటూ దిగివచ్చే ఆ కథ చూసి పెరిగిన మనకు నరకాన్ని ఆఫీసుగా చూడటం కొత్తేమీ కాదు. అయితే కైకాల సత్యనారాయణ గారి యముడు ఎంత తికమకపడినా ధర్మం తప్పడు, అతని కోపానికి ఒక పద్దు ఉంటుంది. ఈ నరకంలో పద్దు చూసేవాడే లేడు. ఉన్నది హోదా ఒక్కటే. పైన ఏడు పాపాలకు ఏడుగురు అధిపతులు, వారి కింద రాజవంశాలు, అట్టడుగున ఇంపులు, కుక్కలు. ఎవరి మీద ఎవరు ఉమ్మవచ్చో అందరికీ తెలుసు.

రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, పసివాడైన స్టోలాస్‌ను తండ్రి సర్కస్‌కు తీసుకువెళ్తాడు. అక్కడ కొడుకును నవ్వించిన ఇంపు పిల్లవాడిని ఒక రోజు ఆడుకోవడానికి డబ్బిచ్చి కొని తెస్తాడు. ఆ పిల్లవాడు బ్లిట్జ్. అమ్మినవాడు అతని సొంత తండ్రి, పైగా భవనంలో విలువైనవి ఏవైనా దొరికితే దొంగిలించుకు రమ్మని చెప్పి మరీ పంపుతాడు. ఇద్దరు పిల్లలూ ఆ రోజు నిజంగానే సంతోషంగా ఆడుకుంటారు. ఒకరి జ్ఞాపకంలో అది స్నేహం, మరొకరి జ్ఞాపకంలో కూలి.

అన్నిటికంటే నేను ఎక్కువసార్లు తిప్పి చూసినది మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్. కామానికి అధిపతి ఆస్మోడియస్ నడిపే క్లబ్బులో మాక్సీ తన పెళ్లిరోజు సందర్భంగా వేదిక ఎక్కి, భార్య కోసం ఒక ప్రేమపాట పాడతాడు. ఆ మందిరంలో ప్రేమ అనే మాట వినబడినందుకే ఆస్మోడియస్, అతని విదూషకుడు ఫిజరోలి కలిసి అతన్ని ఆట పట్టిస్తారు. తర్వాత ఎగతాళి బ్లిట్జ్ బల్ల వైపు మళ్లుతుంది. ఎదురుగా స్టోలాస్ కూర్చుని ఉంటాడు. క్లబ్బంతా తమను చూసి నవ్వుతుంటే, ఆ రాజకుమారుడు మెనూ కార్డు పైకెత్తి ముఖం దాచుకుంటాడు. ఒక్క క్షణమే. బ్లిట్జ్ అది చూస్తాడు. అంతవరకు వచ్చిన హత్యలన్నిటిలోనూ లేని క్రూరత్వం ఆ మెనూ కార్డులో ఉంది, పైగా ఆ పని చేసినవాడు అతన్ని ప్రేమిస్తున్నవాడు. రచయితలు దాన్ని సంగీతంతో పెంచలేదు, ఎవరి చేతా వ్యాఖ్యానించనూ లేదు. ఇక ఆ నవ్విన ఆస్మోడియస్ స్వయంగా ఫిజరోలిని ప్రేమిస్తున్నాడనీ, పరువు కోసం దాచుకున్నాడనీ మనకు తర్వాత తెలుస్తుంది. రెండో సీజన్‌లో అతడు జనం ముందు ఆ సంగతి ఒప్పుకునే ఎపిసోడ్ చూస్తుంటే, మాక్సీకి ఎవరైనా క్షమాపణ చెబుతారేమోనని నేను ఎదురుచూశాను. చెప్పరు. అదీ బాగుంది.

ఫిజరోలికీ బ్లిట్జ్‌కూ మధ్య ఏళ్లనాటి పగ ఉంది. సర్కస్‌లో కలిసి పెరిగిన వీళ్లిద్దరినీ ఒక పుట్టినరోజు విడదీసింది. తన మనసులోని మాట చెప్పాలని వచ్చిన బ్లిట్జ్, ఫిజరోలి చుట్టూ మూగిన జనాన్ని చూసి చిన్నబుచ్చుకుని వెనుదిరుగుతాడు. ఆ తిరగడంలో కేకు మోసుకొస్తున్న ఇంకొకడికి తగులుతాడు. కేకు మీది కొవ్వొత్తులు బాణసంచా మీద పడతాయి. ఫిజరోలి కాళ్లూ చేతులూ పోతాయి, బ్లిట్జ్ ముఖం మీద తెల్లని మచ్చలు మిగులుతాయి. చూడటానికి రాలేదని ఒకడు, వచ్చినా రానివ్వలేదని మరొకడు అన్నేళ్లూ లోలోపల రగిలిపోతారు. ఈ ఒక్క పగ వెనకాల మాత్రం ఎవరి దుర్బుద్ధీ లేదు. చిన్నబుచ్చుకోవడం ఒక్కటే ఉంది.

అయితే అన్నీ మెచ్చుకుంటున్నానని అనుకోకు. స్టోలాస్ భార్య స్టెల్లా విషయంలో రచయితలు అన్యాయం చేశారని నా అభిప్రాయం. పెళ్లి ఆమెకూ పెద్దలు కుదిర్చినదే. భర్త ఒక ఇంపుతో తిరుగుతున్నాడని నరకమంతా గుసగుసలాడుకుంటోంది. అందరి అవమానాన్నీ తరాజులో తూచే ఈ సిరీస్, ఆమె అవమానాన్ని మాత్రం తూచదు. ఆమె అరుస్తుంది, నౌకర్ల మీద విరుచుకుపడుతుంది, భర్తను చంపడానికి స్ట్రైకర్ అనే కిరాయి హంతకుడిని పెడుతుంది, అంతే. స్టోలాస్ తప్పులు మనకు తేలికగా కనబడాలని ఆమెను అంత బండగా గీశారనిపిస్తుంది. ఆమె కూడా ఒక మూల కూర్చుని ఒక్కసారి పగను లెక్కపెట్టుకుని ఉంటే, భార్యాభర్తల గొడవ ఇంకెంతో పదునెక్కేది. స్ట్రైకర్‌ను మాత్రం బాగా రాశారు. రాజవంశాలను తుడిచిపెట్టాలని ఉపన్యాసాలిచ్చే ఇంపు అతడు, కానీ ఆ పనికి సుపారీ పుచ్చుకునేది ఒక రాజవంశపు స్త్రీ దగ్గరే. ఇలాంటి విప్లవకారులను మనం కాలేజీలో చూశాం, పేర్లెందుకులే.

రెండో సీజన్‌లో కన్నీళ్లు, సంజాయిషీలు ఎక్కువయ్యాయని మొదటి సీజన్‌ను ఇష్టపడ్డవారిలో కొందరికి కోపం. వారి మాటలో సగం నిజముంది. హత్యల కంపెనీ పనిచేయడం దాదాపు మానేసింది, మిల్లీకి చేయడానికి ఏమీ మిగలలేదు. కానీ ఇన్ని చిన్న చిన్న నీచత్వాలు పోగుచేసిన తర్వాత వాటికి ఎక్కడో బదులు చెప్పించక తప్పదు కదా. చివర్లో వచ్చే కోర్టు ఘట్టంలో ఆ బదులు వస్తుంది. అది ఇక్కడ చెప్పి రసభంగం చేయను.

నీవు పైలట్‌తో మొదలుపెట్టకు, అది గోల ఎక్కువ, పాత్రలు ఇంకా కుదురుకోలేదు. మొదటి ఎపిసోడ్ చూసి, అది నచ్చకపోయినా ఏడోదాకా ఓర్చుకో. ఆ తర్వాత కూడా నచ్చకపోతే నిస్సంకోచంగా తిట్టు, కానీ ఫోన్‌లో కాదు, ఉత్తరంలో. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ అడిగితే మాత్రం నేను పురాణాల గురించి రాశానని చెప్పు.

ఇట్లు,
నీ రఘు