మత్స్యకారుల సంఘం వార్షిక నివేదిక, 2024–25: ఇళ్లు ఇక్కడ, వలలు అక్కడ

సభ్యులందరికీ నమస్కారం.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మన ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఒడ్డున ఉన్న మన పాకలు పోయాయి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచిన పునరుద్ధరణ పథకంలో ఈ స్లాబు ఇళ్లు వచ్చాయి. పునాదికి ఒక విడత, కప్పుకు ఒక విడత డబ్బు పడేది. ఆ మధ్యలో సిమెంటు కొట్లో పెరిగిన బాకీలు ఎవరూ మరిచిపోలేదు. ఇప్పుడు బాధ ఇళ్లతో కాదు. కాపురం ఒడ్డునుంచి లోపలికి వచ్చింది, కూడు పెట్టే సముద్రం అక్కడే ఉంది. ఈ ఏడాది సంఘం పనుల్లో ఎక్కువ భాగం ఆ నడుమ దూరం గురించే.

ముందుగా వలల సంగతి. పాకలో అయితే వాసానికి వల వేలాడదీస్తే గాలికి ఆరేది, ఎలుక అందుకోలేదు. స్లాబు ఇంటికి వాసం ఎక్కడిది? మూలన కుప్ప పోస్తే ఎలుకలు కొరికాయి, వరండాలో పెడితే పిల్లలు తొక్కారు. అందుకే ఒడ్డునే ఉమ్మడి వలల పాక వేయాలని తీర్మానించాం. తీరం నిబంధనల వల్ల అక్కడ పక్కా కట్టడానికి అనుమతి కష్టం. సరుగుడు గుంజలు పాతి, తాటాకు కప్పి లేపాం. వంతులవారీ కాపలాకు మొదట గునిసినవాళ్లే ఇప్పుడు సాయంత్రాలు అక్కడినుంచి కదలడం లేదు. పేకాట మాత్రం వద్దని మళ్లీ మనవి.

నెత్తళ్లు ఎండబెట్టడం ఆడవాళ్లు మేడ మీదికి మార్చారు. ఇసుక అంటని చేపకు బేరగాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువే ఇస్తున్నారు. వాసన పక్కింటి పడకగదిలోకి వస్తోందని రెండు ఫిర్యాదులు అందాయి. రెండూ చేపలు తినే ఇళ్లనుంచే వచ్చాయి! అయినా కార్యవర్గం విని, గాలివాలు చూసి ఎండబెట్టుకోమని చెప్పింది.

తెల్లవారుజామున వేటకు వెళ్లే దారిలో మొగలి పొదల మలుపు దగ్గర దీపం వేయించాం. అక్కడ పాముల భయం ఉంది. పంచాయతీ ఒక స్తంభం ఇచ్చింది, మిగిలిన ఖర్చు చందాలతో గడిచింది.

2024 అక్టోబరులో దానా తుపాను ఉత్తరాన భితరకనిక వైపు తీరం దాటింది, మనకు నష్టం జరగలేదు. కానీ హెచ్చరిక వచ్చిన రాత్రి ఇళ్లలో ఉండాల్సిన మగవాళ్లు పడవలు లాగడానికి చీకట్లో ఒడ్డుకు పరుగెత్తారు. ఇకపై మొదటి హెచ్చరికకే, పగటి వెలుగులోనే, ట్రాక్టరు పెట్టి పడవలన్నీ సరుగుడు తోట వెనక్కి చేర్చాలి. ట్రాక్టరు బాడుగ సంఘం భరిస్తుంది.

ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం ఉంటుంది. ఈసారీ ఆ నెలల్లో కుర్రాళ్లు విశాఖ, గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదికి వెళ్లారు. తాళం పడిన ఇళ్లను చూసి ఇల్లు అమ్ముకుని పోయారని పుకార్లు పుట్టిస్తున్నవారికి ఒక మాట: వాళ్ల అమ్మలు ఇక్కడే ఉన్నారు, ఆ మాటలన్నీ వాళ్ల చెవిన పడుతున్నాయి. అలాగే సీజనులో పాత ఊరి ఒడ్డున గుడిసె వేసుకునే పెద్దలను ఎగతాళి చేయడం మానాలి. చేపల గుంపు వచ్చిన కబురు ముందుగా వాళ్ల దగ్గరినుంచే అందుతోంది.

పట్టాలో ఒడియాలో రాసిన పేరు ఆధార్‌తో కలవని కుటుంబాలకు దరఖాస్తులు రాసిపెట్టాం. కొన్ని సరయ్యాయి, మిగిలినవి తహసీలు కార్యాలయంలో ఉన్నాయి. అక్కడికి ఒక్కొక్కరుగా వెళ్లవద్దు, కార్యదర్శితో కలిసి వెళ్లండి. భార్యాభర్తలు ఇద్దరి పేర్లూ ఉన్న పట్టాకు ఇద్దరూ రావాలి.

గంగమ్మ పండుగ బాగా జరిగింది. జమాఖర్చుల పట్టిక గుడి గోడకు అతికించాం. దారి దీపం చందా ఇంకా ఇవ్వని ఇళ్లవారు వచ్చే సభలోగా కోశాధికారికి చెల్లించగలరు.

కార్యదర్శి