శనివారం దక్షిణాకాశం

అందరికీ నమస్తే! ఈ శనివారం రాత్రి 8 గంటలకు ఆన్‌లైన్‌లో కలుద్దాం.

ఉత్తరాన ధ్రువనక్షత్రం ఉన్నట్టు దక్షిణాన దారి చూపే కాంతివంతమైన చుక్క లేదు. సిగ్మా ఆక్టాంటిస్ అనే చుక్క ఉంది కానీ మామూలు కంటికి లీలగా మాత్రమే కనిపిస్తుంది, అందుకే సిలువ ఆకారంలో ఉండే త్రిశంకు మండలం (సదరన్ క్రాస్)లోని పొడవాటి గీతను కింది చుక్క నుంచి సుమారు నాలుగున్నర రెట్లు పొడిగించి దక్షిణ ఖగోళ ధ్రువాన్ని, అంటే ఆకాశం దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ బిందువును, పట్టుకోవాలి. నాకైతే మొదటిసారి అది కుదిరినప్పుడు ఒళ్లు పులకరించింది! మీరూ స్టెల్లేరియంలో (ఆకాశాన్ని తెరపై చూపే సాఫ్ట్‌వేర్) చేసి, స్క్రీన్‌షాట్ శుక్రవారంలోపు ఇక్కడ పెట్టండి.

తర్వాత అంటార్కిటికాలో దక్షిణ ధ్రువం దగ్గరున్న సౌత్ పోల్ టెలిస్కోప్ గురించి మాట్లాడుకుందాం. 10 మీటర్ల డిష్, 2,800 మీటర్ల ఎత్తు, ఎముకలు కొరికే చలి. గాలిలో తేమ దాదాపు ఉండదు కాబట్టే విశ్వపు తొలినాటి మైక్రోవేవ్ కాంతి అంత స్పష్టంగా అందుతుంది.

లింక్ శనివారం సాయంత్రం పెడతాను. స్క్రీన్‌షాట్ మాత్రం మర్చిపోకండి.