పార్కు స్థలంలో చెట్ల ప్రణాళిక: ఆదివారం సమావేశం

కాలనీవాసులందరికీ నమస్కారం.

మన లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలంలోనూ, వీధుల అంచుల్లోనూ ఏ చెట్లు ఎక్కడ నాటాలో నిర్ణయించుకోవడానికి వచ్చే ఆదివారం ఉదయం 6.30 గంటలకు ఆ స్థలంలోనే కలుద్దాం.

సిమెంటు రోడ్లు, డాబాలు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతాయి కనుక, విజయనగరంలో పొద్దుపోయాక కూడా మన వీధుల్లో ఉక్క తగ్గడం లేదు. చెట్టు నీడ ఆ వేడిని ముందే ఆపుతుంది. ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. కొలంబియాలోని మెడెలిన్ నగరం 2016 నుంచి రోడ్ల వెంట, వాగుల వెంట 30 పచ్చని బాటలు పెంచి, సుమారు 2 డిగ్రీల వేడిని తగ్గించుకోగలిగింది. అందుకే స్థలమంతా టైల్స్ పరిచి పూలకుండీలు పెడదామన్న ప్రతిపాదనను దయచేసి పునరాలోచించండి.

ప్రతి ఇంటి నుంచి ఒకరు శనివారం సాయంత్రం నాలుగు గంటలకు, పడమటి ఎండ నేరుగా పడే చోట్లను చూసి, కరెంటు తీగలు, నీటి పైపులు వెళ్లే దారితో సహా కాగితంపై గీసి తీసుకురావాలి. తీగలు లేని చోట వేప, కానుగ, నేరేడు వేయవచ్చు. తీగల కింద పారిజాతం వంటి చిన్న చెట్లే మేలు. మొదలు చుట్టూ మీటరు మేర సిమెంటు వేయకుండా మట్టినే ఉంచాలి.

తొలకరి వానలకు నాటుదాం. అయితే తొలి రెండు వేసవులూ నీళ్లు పోసేవారు లేకపోతే మొక్కలు నిలవవు కాబట్టి, ఆ బాధ్యత తీసుకునేవారు శుక్రవారం రాత్రిలోగా తమ పేరు, వీధి ఈ గ్రూపులో రాయాలి.

పెద్దవారిని కూడా వెంట తీసుకురండి. బల్లలు ఎక్కడ వేయాలో వారినే అడుగుదాం.