ఇరాన్ ప్రజల మాట పేరుతో ఎవరి మాట వేస్తున్నాం?

సంపాదకులు గారికి నమస్కారం.

బయటి దేశాలు దాడి చేయడం గురించి ఇరాన్ జనం ఏమనుకుంటున్నారో చెప్పే వార్తలు మన పేపర్లలో, టీవీల్లో చూస్తుంటే చిరాకేస్తోంది. ఒకరోజు ‘దాడిని స్వాగతిస్తున్న ఇరానీలు’ అంటారు. నాలుగు రోజులు తిరక్కుండానే ‘ఏకమైన ఇరాన్’ అంటారు. రెండింటికీ ఆధారం ఎక్స్‌లో దొరికిన నాలుగు పోస్టులే. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

2025 జూన్ 13న ఇజ్రాయెల్ దాడి మొదలుపెట్టింది. 22న అమెరికా ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసింది. 24న కాల్పులు ఆగాయి. ఈ పన్నెండు రోజుల్లో జనం మనసు ఎటు తిరిగిందో గ్రాఫు గీద్దామంటే సరిగ్గా మధ్యలో పెద్ద గొయ్యి ఉంది. 18 నుంచి కొన్ని రోజులు ప్రభుత్వం ఇంటర్నెట్‌ను దాదాపు పూర్తిగా ఆపేసింది. అయినా ఫార్సీ పోస్టులు ఆగలేదు. విదేశాల్లో స్థిరపడ్డ ఇరానీల దగ్గర్నుంచి, అంటే లాస్ ఏంజెలెస్ నుంచి, లండన్ నుంచి, టొరంటో నుంచి వస్తూనే ఉన్నాయి. మరి మారింది అభిప్రాయమో, మాట్లాడే మనుషులో ఎలా తెలుస్తుంది? దసరా సెలవులకు అందరూ ఊళ్లకు పోయాక హాస్టల్లో మిగిలిన పదిమందిని అడిగి మెస్ భోజనం మీద రిపోర్టు రాసినట్టుంది. (నా క్లాసులో ఒకడు నిజంగానే ఆ పని చేశాడు. మార్కులు కోశాను.)

నెట్ ఉన్న రోజుల్లోనూ చిక్కే. ఫేస్‌బుక్, ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) అక్కడ 2009 నుంచి నిషేధం. టెలిగ్రామ్‌ను 2018లో, ఇన్‌స్టాగ్రామ్‌ను 2022లో మహ్సా అమీనీ చనిపోయాక లేచిన ఆందోళనలప్పుడు మూశారు. సామాన్యులు వీపీఎన్, అంటే వేరే దేశంలోని సర్వర్ మీదుగా నెట్‌ను తిప్పే సాఫ్ట్‌వేర్, పెట్టుకుని వాడతారు. దాన్ని ‘ఫిల్తర్‌షెకన్’ అంటారు, ఫిల్టర్‌ను పగలగొట్టేది అని. అధికారులకూ, వాళ్లకు కావలసినవాళ్లకూ ఏ అడ్డూ లేని ‘తెల్ల సిమ్ములు’ ఉన్నాయి. 2025 నవంబర్‌లో ఎక్స్ ఏ ఖాతా ఏ దేశానిదో చూపించడం మొదలుపెట్టగానే ఈ గుట్టు రచ్చకెక్కింది. తమాషా ఏమిటంటే, టెహ్రాన్‌లో కూర్చుని వీపీఎన్‌తో రాసేవాడు జర్మనీలో ఉన్నట్టు కనబడవచ్చు. తేటగా ‘ఇరాన్’ అని కనబడేవాడి దగ్గర తెల్ల సిమ్ ఉందేమోనని అనుమానించాలి.

దొంగ ఖాతాల గోల వేరే. టొరంటో యూనివర్సిటీలోని సిటిజన్ ల్యాబ్ 2025 అక్టోబర్‌లో ఇరానీల్లా నటిస్తూ, ప్రభుత్వం మీద తిరగబడమని ఎగదోసే యాభైకి పైగా ఖాతాలను బయటపెట్టింది. వీటి వెనుక ఇజ్రాయెల్ ప్రభుత్వ సంస్థో, దాని తరఫున పనిచేసేవాళ్లో ఉండే అవకాశమే ఎక్కువని ఆ ల్యాబ్ అంచనా. జూన్ 23న టెహ్రాన్‌లోని ఎవిన్ జైలు మీద బాంబులు పడుతున్నప్పుడే ఆ ఖాతాల్లో ఒక పేలుడు వీడియో ప్రత్యక్షమైంది. ఏఐతో చేసింది. నిజమనుకుని వార్తా సంస్థలు కూడా చూపించాయి.

ఆ జైల్లో నిజంగా చనిపోయినవాళ్లలో ములాఖత్‌కు వచ్చిన బంధువులు, డాక్టర్లు, సిబ్బంది, ఖైదీలు ఉన్నారు. ఇరాన్ న్యాయశాఖ మొదట చెప్పిన లెక్కే 71. ఆ జైలును లోపలి నుంచి చూసిన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత నర్గెస్ మొహమ్మదీ, సినిమా దర్శకుడు జాఫర్ పనాహీ, వాళ్లతోపాటు మరో నోబెల్ శాంతి గ్రహీత షిరిన్ ఎబాదీ యుద్ధం నడుస్తుండగానే ఒక ప్రకటన చేశారు. యుద్ధం ఆపాలి, యురేనియం శుద్ధి ఆపాలి, పాలకులు దిగిపోవాలి అన్నారు. మూడూ ఒకే నోట. అమెరికాలో ఉంటున్న, 1979 విప్లవంలో గద్దె దిగిన రాజు (షా) కొడుకు రెజా పహ్లవీ మాత్రం పాలన కూలిపోతోంది, లేవండి అని పిలుపిచ్చాడు. వాళ్లూ, ఇతనూ పాలకుల వ్యతిరేకులే. ‘అనుకూలం’, ‘వ్యతిరేకం’ అని రెండే గళ్లు పెట్టుకున్నవాళ్లు మొహమ్మదీని ఏ గడిలో వేస్తారు?

ఇంతకీ లోపల ఉన్నవాడు మనసులో మాట రాస్తాడా? యుద్ధం రోజుల్లో అనుమానం మీద 21,000 మందిని పట్టుకున్నామని అక్కడి పోలీసులే చెప్పుకున్నారు. దాడి మంచిదే అన్నవాడికి తోటివాళ్ల నుంచి ‘వతన్ ఫొరూష్’ (దేశాన్ని అమ్ముకునేవాడు) అన్న తిట్టు తప్పదు. హైదరాబాదులో పెరిగినవాళ్లకు దాని అర్థం చెప్పక్కర్లేదు.

నన్నడిగితే పోస్టుల కంటే పాలకుల చేతలు చూస్తేనే కొంత ఆనవాలు దొరుకుతుంది. 2025 నవంబర్‌లో టెహ్రాన్ ఎంగెలాబ్ కూడలిలో పెట్టిన విగ్రహం చూడండి. రోమన్ చక్రవర్తి వలేరియన్ మోకాళ్ల మీద, ఎదురుగా గుర్రం మీద అతన్ని ఓడించిన పాత పర్షియా రాజు షాపూర్. ఇస్లాం రాకముందటి రాజుల పేరెత్తితే ముఖం చిట్లించిన ప్రభుత్వం ఇది! జనం తమ వెనుక లేరనీ, దేశమంటే మాత్రం ప్రాణమనీ వాళ్లకు అర్థమైనట్టే ఉంది.

మీకు నా మనవి ఒక్కటే. ఇలాంటి వార్త వేసేటప్పుడు ఆ రోజు అక్కడ నెట్ ఉందా, రాసినవాళ్లు లోపలున్నారా బయటున్నారా అన్నది ఒక వాక్యంలో చెప్పండి. తెలియకపోతే ‘ఇరానీలు’ అనకుండా ‘ఎక్స్‌లో కొన్ని ఫార్సీ ఖాతాలు’ అని వేయండి. హెడ్డింగు పొడుగవుతుంది, నాకూ తెలుసు.

– ఒక రిటైర్డ్ లెక్చరర్, హనుమకొండ