వదిలేసినా వదలని భారం

సంపాదకులకు నమస్కారం. 2025 ఆగస్టులో మన విశాఖలోనే తెలుగు టైటాన్స్‌పై తమిళ్ తలైవాస్ తరఫున, టైటాన్స్ వదిలేసిన పవన్ సెహ్రావత్ కూతకొస్తుంటే అభిమానుల మనసు చివుక్కుమంది. అయినా కబడ్డీలో వదిలేసిన ఆటగాడి సొమ్ముతో వేలంలో మరొకరిని కొనుక్కోవచ్చు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. ఒప్పందం కుదరగానే ఇచ్చే సంతకం బోనస్‌ను, జట్టు ఏడాదికి ఆటగాళ్లపై పెట్టగల ఖర్చుకు హద్దైన జీతాల పరిమితి లెక్కలో గరిష్ఠంగా 5 ఏళ్లకు పంచుతారు. మధ్యలో వదిలేస్తే మిగిలిన వాటాలన్నీ ముందుకొచ్చి మీద పడతాయి. హామీ జీతం, అంటే వదిలేసినా చెల్లించాల్సిన జీతం, అదనం. 2024 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) రస్సెల్ విల్సన్‌ను వదిలేసిన డెన్వర్ బ్రాంకోస్ జట్టుపై పడిన భారం సుమారు 8.5 కోట్ల డాలర్లు. జూన్ 1 నిబంధనతో రెండు సీజన్లకు పంచినా మొదటి ఏడాది వాటా 5.3 కోట్లు, జట్టు మొత్తం పరిమితి 25.54 కోట్లు. ఐదో వంతు, మైదానంలో లేని మనిషికే!

అయినా ఆ నిర్ణయం సరైనదే. ఉంచుకుంటే ఆ మార్చిలోనే 2025 జీతం 3.7 కోట్లకూ హామీ పడేది. అసలు తప్పు 2022 సెప్టెంబరులో జరిగింది: పాత జట్టు నాటి ఒప్పందం ఇంకా 2 ఏళ్లుండగా, తమ తరఫున ఒక్క మ్యాచ్ ఆడకముందే 5 ఏళ్ల పొడిగింపు ఇచ్చేశారు.

ఒప్పందాల వార్తల్లో మొత్తం విలువతోపాటు హామీ సొమ్మెంతో కూడా వేయాలని మనవి.

— క్రీడాభిమానులు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం