టచ్‌డౌన్‌కో ప్లేటు మిర్చి బజ్జీ: మొన్నటి ఆఫర్ గురించి నిజం చెప్తా

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం, 2025 అక్టోబర్ 12న, న్యూజెర్సీ ఎడిసన్‌లో మన టిఫిన్ సెంటర్‌కి పొద్దున్నే వచ్చిన వాళ్లందరికీ ముందుగా సారీ. మన అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ న్యూయార్క్ జెట్స్‌కి డెన్వర్‌తో మ్యాచ్ లండన్‌లో కాబట్టి మనకి తొమ్మిదిన్నరకే మొదలు, ఇడ్లీ దోసెల టైముకి ఫుట్‌బాల్ అంటే నాలాంటి వాడికి పండగే కదా అని టీవీ పెట్టి, జెట్స్ వేసే ప్రతి టచ్‌డౌన్‌కీ (బంతిని అవతలి గీత దాటిస్తే ఆరు పాయింట్లు) టేబుల్‌కో ప్లేటు మిర్చి బజ్జీ ఫ్రీ అని వాట్సాప్‌లో గొప్పగా మెసేజ్ కొట్టాను. ఒక్క ప్లేటు కూడా ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

"జెట్స్ అఫెన్స్ (పాయింట్లు కొట్టాల్సిన వాళ్ల) సంగతి తెలిసే పెట్టాడు ఆఫరు" అని గ్రూపులో ఎవరో అన్నారు. ఒట్టు, నాకంత తెలివి లేదు. మూడో నాలుగో పడతాయని తెల్లారగట్ల లేచి వంద మిరపకాయలు చీల్చి, వాము కలిపిన చింతపండు ముద్ద కూరి పెట్టుకున్నవాడిని నేను.

ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ఏం బాబూ, అందరూ అలా తల పట్టుకున్నారేంటి" అని అడిగితే గల్లాపెట్టె లెక్కలో చెప్పాను. మ్యాచ్ మొత్తానికి మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, జస్టిన్ ఫీల్డ్స్ పాసుల మీద వచ్చింది 45 గజాలు. బంతి విసిరేలోపే డెన్వర్ వాళ్లు అతన్ని తొమ్మిది సార్లు పడేశారు, వెనక్కి పోయినవి 55 గజాలు. అంటే రోజంతా కొట్టు తీసి, చివరికి నేనే పది డాలర్లు ఎదురు పెట్టుకున్నట్టు. పరుగులు కూడా కలిపితే 82 గజాలు, మైదానం పొడవే వంద. ఆయన కాసేపు ఆలోచించి, "మరి రోజూ ఇదే పని కదా వాళ్లకి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, కాఫీ పోశాను.

డిఫెన్స్‌ని ఏమీ అనను. డెన్వర్‌ని 13 దగ్గర ఆపారు, అంతకన్నా ఏం చేస్తారు? మన 11లో రెండు పాయింట్లు సేఫ్టీ (అవతలి వాళ్లు సొంత గీత వెనక దొరికిపోవడం) వల్ల వచ్చినవి, మిగతా తొమ్మిదీ నలభై ఏళ్ల నిక్ ఫోక్ స్తంభాల మధ్యకి తన్నిన మూడు ఫీల్డ్ గోల్స్. 11-10 అయినప్పుడు కిటికీ పక్క టేబుల్‌లో పచ్చ జెర్సీ వేసుకున్న బుడ్డోడు కుర్చీ ఎక్కేసి, "అంకుల్, ఇది టచ్‌డౌనేనా?" అని అరిచాడు. కాదు నాన్నా అని చెప్పడానికి నోరు రాలేదు, రెండు బజ్జీలు వేసిచ్చాను. కారమని లోపలి మిరపకాయ తీసి పక్కన పెట్టి, పైన శనగపిండి మాత్రం ఒలుచుకుని తిన్నాడు. ఆ తర్వాత 13-11, ఓటమి, సీజన్‌లో 0-6. అప్పటికి లీగ్‌లో ఒక్క గెలుపూ లేని టీమ్ మనదే.

నా బాధ ఏంటంటే, ఇది ఈ ఏడాది జబ్బు కాదు. 2010 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. 2023లో పేరున్న క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్‌ని తెచ్చుకుంటే మొదటి మ్యాచ్‌లోనే, నాలుగోసారి బంతి అందుకోగానే మడమ నరం తెగి కూర్చున్నాడు. అదే మనిషి ఈ సెప్టెంబర్ 7న పిట్స్‌బర్గ్ తరఫున మన గ్రౌండ్‌కే వచ్చి నాలుగు టచ్‌డౌన్లు వేసి పోయాడు! ఆ రోజు ఆఫర్ పెట్టాల్సింది, ఎవరి టచ్‌డౌన్ అయినా ఫ్రీ అని.

పోనీలే అని ఫోన్లలో వైజాగ్ పెట్టుకున్నాం, అమ్మాయిల వరల్డ్ కప్ మ్యాచ్. మనవాళ్లు 330 కొట్టారు, కడప పిల్ల శ్రీ చరణి మూడు వికెట్లు తీసింది, అయినా ఆస్ట్రేలియా ఒక ఓవర్ మిగిలుండగానే కొట్టేసింది. అక్కడ 330 చాలలేదు, ఇక్కడ 11 చాలలేదు. కొట్టులో చప్పుడు లేదు, గ్రైండర్ తప్ప.

ఇక అసలు విషయం. పిండి, నూనె, పొద్దున షిఫ్టుకి పిలిచిన ఇద్దరి జీతం కలిపి ఆ రోజు నష్టమే వచ్చింది, తప్పు నా అంచనాదే. కాబట్టి వచ్చే ఆదివారం కరోలినాతో ఒంటిగంట మ్యాచ్‌కి టీవీ ఉంటుంది, సౌండ్ ఉండదు, స్పెషల్ ట్రేలు వండి పెట్టను, కావాల్సిన వాళ్లు శనివారం సాయంత్రం లోపు చెప్పండి. అడ్వాన్స్ ఇచ్చి మధ్యలో లేచి వెళ్లిపోయిన వాళ్ల డబ్బు తిరిగి ఇచ్చేస్తాను, మొహమాటపడొద్దు. టచ్‌డౌన్ ఆఫర్ మాత్రం తీసెయ్యను. కూరిన మిరపకాయల్లో సగం పైనే మిగిలిపోయాయి, ఎక్కువ రోజులు ఆగవు కాబట్టి ఈ సాయంత్రం ఐదు నుంచి ప్లేటు సగం ధరకి వేస్తున్నాను.