ఇంట్లోనే ఉన్న నన్ను ‘ఇంట్లో లేరు’ అని రాసుకున్న మీ సంస్థకు

రాజమహేంద్రవరం

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

మీ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న ఎత్తు మడి బల్ల, అంటే కూర్చునే మొక్కలు పెంచుకోవడానికి కాళ్ల మీద నిలబెట్టిన మట్టి తొట్టి, దాని కాలు ఒకటి తడి మట్టి బరువుకు వంగిపోయింది. ఇనుము వంగడం ఎక్కడైనా జరుగుతుంది, అంత మాత్రానికే నేను ఉత్తరం రాసేదాన్ని కాదు. వంగిందని చెప్పిన రోజు నుంచి మీ వాళ్లు నన్ను తిప్పిన తీరు గురించే రాస్తున్నాను. ఫోనులో చెప్పినవన్నీ గాలిలో కలిసిపోయాయి కాబట్టి ఇది స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

చిన్నతనంలో వచ్చిన పోలియో వల్ల నా కాళ్లు పనిచేయవు. చక్రాల కుర్చీలోనే తిరుగుతాను. నేల మీది పాదులు నాకు అందవు. వంగి కలుపు తీయాలంటే కుర్చీలోంచి ముందుకు పడిపోతాను. కూర్చున్న మనిషి చేయి ఒక పక్క నుంచి రెండడుగులకు మించి చేరదు, మోకాళ్లు మడి కిందికి వెళ్లకపోతే ఆ రెండడుగులు కూడా అందవు. మీ ప్రకటనలో చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ ఇలాంటి బల్ల ముందు నవ్వుతూ వంకాయలు కోస్తుంది. మా వంటి వారి గురించి ఒకరు ఆలోచించారని ఎంతో సంతోషించాను. మొదట పొడవాటి పిడి ఉన్న కలుపు పనిముట్టు, తరువాత కత్తెర, ఆ తరువాత ఈ బల్ల, అన్నీ మీ దగ్గరే కొన్నాను. నాలాగే కుర్చీలో ఉండే స్నేహితులకు చెప్పి వారి చేత కూడా కొనిపించాను. ఇప్పుడు వాళ్లు ఫోను చేసి ‘బాగుచేశారా’ అని అడుగుతుంటే జవాబు చెప్పలేకపోతున్నాను.

మొదటిసారి మాట్లాడిన అబ్బాయి బల్ల అడుగున అంటించిన చీటీ ఫోటో పంపమన్నాడు. కుర్చీలోంచి దిగి బల్ల కిందికి వెళ్లలేనని చెప్పాను. ‘ఫోటో లేకుండా ఫిర్యాదు తీసుకోలేం మేడమ్’ అన్నాడు. పక్కింటి కుర్రాడు కళాశాల నుంచి వచ్చేదాకా ఆగి, అతని చేత తీయించి పంపాను. స్పష్టంగా లేదన్నారు. ఈసారి వీడియో అడిగారు. అదీ పంపాక బల్లను విశాఖపట్నంలోని మీ సర్వీసు కేంద్రానికి తీసుకురమ్మన్నారు. మట్టితో నిండిన బల్లను, నడవలేని నేను, దాదాపు 200 కిలోమీటర్లు ఎలా తీసుకువెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మళ్లీ ఫోను చేస్తే వేరొకరు ఎత్తి, మొదటి నుంచి చెప్పమన్నారు. ప్రతిసారీ అంతే. ప్రతిసారీ నా పోలియో కథ కూడా చెప్పుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే అది చెప్పకపోతే ‘కొంచెం వంగి చూడండి’ అంటారు. ఒక పెద్దమనిషి అయితే నా మాట మధ్యలోనే ఆపి, ‘ఇంట్లో నడవగలిగిన వాళ్లెవరైనా ఉంటే ఫోను వాళ్లకివ్వండి’ అన్నాడు. డబ్బు కట్టింది నేను, మాట్లాడుతున్నది నేను. నా కాళ్లు నడవవు గాని నా నోరు పనిచేస్తుంది, నా బుద్ధి పనిచేస్తుంది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక అమ్మాయి మాత్రం ఓపికగా విని, అన్నీ రాసుకుని, మనిషిని పంపిస్తానంది. ఆమె మంచితనం మరచిపోను. కానీ లైను తెగిపోయాక ఆమెతో మళ్లీ మాట్లాడే దారి మీ వ్యవస్థలో లేదు.

మనిషి వస్తాడన్న రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీధి గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకుని ఉన్నాను. బాత్‌రూముకు వెళ్లడానికి కూడా భయపడ్డాను, ఎందుకంటే నాకు అది నిమిషాల్లో అయ్యే పని కాదు. ఎవరూ రాలేదు. చీకటి పడ్డాక సందేశం వచ్చింది: ‘వినియోగదారు ఇంట్లో లేరు. ఫిర్యాదు ముగించబడింది.’ ఆ వెంటనే మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఇంకో సందేశం. మీ మనిషి ఏ వీధికి వచ్చాడు? ఏ తలుపు తట్టాడు? నేను గడప దాటాలంటే ఇద్దరి సాయం కావాలి. అలాంటి నన్ను ఇంట్లో లేనని రాశారు.

ఈలోగా మృగశిర కార్తె వచ్చి వెళ్లిపోయింది. కడియం నర్సరీ నుంచి తెప్పించిన వంగ నారు, మిరప నారు ట్రేలలోనే ముదిరి వాడిపోయాయి. బెండ విత్తనాలు పొట్లంలోనే ఉన్నాయి. ఒక పక్కకు ఒరిగిన బల్ల కింద ఇటుకలు పెట్టించాను. అవి నా మోకాళ్లకు అడ్డం రావడంతో మడి దగ్గరికే వెళ్లలేకపోతున్నాను. రోజూ పొద్దున నాకు దొరికే ఒక్క గంట పని, నా చేతులతో నేను చేసుకునే పని, మీ వల్ల ఆగిపోయింది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే మీ మీద కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు. విచారణకు వీడియో ద్వారా హాజరవుతానని కోరవచ్చు. కదలలేని మనిషి కూడా న్యాయం అడగగలగాలని చట్టానికి తోచింది, చక్రాల కుర్చీ బొమ్మ వేసి సరుకు అమ్ముకునే మీకు తోచలేదు. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోగా తేల్చాలని 2020 నాటి నియమాల్లో ఉంది. మీరు రెండూ చేయలేదు.

కొత్త కాలు తెచ్చి బిగించే మనిషిని మా ఇంటికి పంపండి. బల్ల అడుగున తీసిన ఫోటోలేవీ ఇక నన్ను అడగకండి. ఫోను ఇంకొకరికి ఇవ్వమన్న ఆ ఉద్యోగి తరఫున మీ సంతకంతో నాకు క్షమాపణ రావాలి. నాకు బల్ల కంటే అదే ముఖ్యం. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఇవి జరగకపోతే 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను, దివ్యాంగుల హక్కుల రాష్ట్ర కమిషనర్‌కు కూడా రాస్తాను. మీ ప్రకటనలోని బొమ్మను, ‘ఇంట్లో లేరు’ అన్న మీ సందేశాన్ని పక్కపక్కన జతచేసి మరీ పంపుతాను.

జవాబు కాగితం మీద, మీ పేరుతో, నా చిరునామాకు పంపండి. ఫోనులో వద్దు.

ఇట్లు,
మీ పాత వినియోగదారురాలు